పీడియాట్రిక్స్ పీజీలను తిట్టే ముందు

సంపాదకులకు,

పిల్లల డాక్టర్లు జిల్లాలకు పోనంటున్నారని, అందరూ కార్పొరేట్ ఆస్పత్రుల ఎన్‌ఐసీయూల (పసికందుల ఐసీయూల) వెంట పడుతున్నారని పోయిన వారం మీ పత్రికలో వ్యాసం వచ్చింది. రాసినవారికి పీజీల మీద కోపం బాగానే ఉంది గానీ, పిల్లల వైద్యంలో ఎండీ చేసే ఆ మూడేళ్లలో వాళ్లు ఏం చూస్తారో, ఏం చూడరో తెలిసినట్టు లేదు.

మొదటి ఏడాది రాత్రులన్నీ ఎన్‌ఐసీయూకే సరి. మడమ గుచ్చి షుగర్ చూడటం, కనీకనపడని నరంలోకి 24 నంబరు క్యాన్యులా ఎక్కించడం, మొదటి రోజు కిలోకు 60 మి.లీ., నెలలు నిండని బిడ్డకైతే 80 మి.లీ. చొప్పున ఫ్లూయిడ్ లెక్క కట్టడం. పుట్టగానే ఏడవని బిడ్డకు నిమిషంలోపు మాస్కుతో ఊపిరి అందిస్తే ఛాతీ లేస్తుంది, బిడ్డ కేర్‌మంటుంది. చేసిన పనికి ఫలితం కళ్లెదుటే ఉంటుంది. ఏడాది తిరిగేలోపు చెయ్యి తిరుగుతుంది, 'నాది నియోనేటాలజీ (పసికందుల వైద్యం)' అన్న మాట నోట్లోంచి దానంతటదే వస్తుంది.

మరి మిగతా జబ్బులు? నెఫ్రోటిక్ సిండ్రోమ్ (మూత్రంలో ప్రొటీన్ పోయి ఒళ్లు వాచే కిడ్నీ జబ్బు) మొదటిసారి వచ్చిన బిడ్డకు ప్రెడ్నిసొలోన్ కిలోకు 2 మి.గ్రా. లెక్కన రోజూ ఆరు వారాలు, ఆ తర్వాత 1.5 మి.గ్రా. లెక్కన రోజు విడిచి రోజు ఇంకో ఆరు వారాలు ఇవ్వాలి. పన్నెండు వారాల కోర్సు. పీజీ పోస్టింగేమో నెల, మహా అయితే రెండు నెలలు. మందు మొదలుపెట్టిన పీజీ కళ్ల వాపు తగ్గడం చూస్తారు, అంతే. కోర్సు అయ్యాక మూత్రంలో మళ్లీ ప్రొటీన్ పడి తల్లి పరుగెత్తుకొచ్చేసరికి ఆ పీజీ వేరే వార్డులో ఉంటారు. మూర్ఛ బిడ్డ సంగతీ అంతే. మామూలుగా రెండేళ్లు ఫిట్స్ రాకుండా గడిస్తే గానీ మందు తగ్గించే ఆలోచన చేయరు. ఆ రెండేళ్లూ ఒకే బిడ్డను చూసిన పీజీ ఎక్కడున్నారు? మాటలు రాని బిడ్డ ఎదుగుదలను సరిగా పరీక్షించాలంటే ముప్పావు గంట నేల మీద బ్లాకులు పరుచుకుని కూర్చోవాలి. ఓపీ బయట క్యూ మెట్ల దాకా ఉంటే ఎవరు కూర్చోనిస్తారు? నెఫ్రాలజీ (కిడ్నీ), న్యూరాలజీ (మెదడు, నరాలు), డెవలప్‌మెంట్ (ఎదుగుదల) వైపు మనసు పోవడం లేదంటే పోదు మరి.

మనసు పోయినా మాట చెల్లేది ర్యాంకుదే. సూపర్ స్పెషాలిటీ (డీఎం) సీట్లకు పెట్టే నీట్ ఎస్‌ఎస్‌లో 150 ప్రశ్నలు, ఒప్పుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి కోత. పిల్లల్లో కిడ్నీ జబ్బుల మీద మోజున్నవారికీ, గుండె జబ్బుల మీద ఆసక్తి ఉన్నవారికీ ఒకటే పేపరు. అందుకే మూడో ఏడాది వచ్చిందంటే వార్డులో కంటే లైబ్రరీలోనే ఎక్కువ కనపడతారు. ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, ఎండీ మూడు, డీఎం మరో మూడు, ప్రభుత్వ సేవకు రాసిచ్చే బాండు అదనం. ముప్పై దాటేదాకా చదువే అయితే కౌన్సెలింగ్‌లో దొరికిన సీటు పట్టుకోక ఏం చేస్తారు?

ఇక అధికారుల క్యాలెండరు చూడండి. 2021 ఏప్రిల్‌లో జరగాల్సిన నీట్ పీజీ (ఎండీ ప్రవేశ పరీక్ష) సెప్టెంబరుకు జరిగింది, కౌన్సెలింగ్ 2022 జనవరికి జారింది. ఆ బ్యాచ్ ఎండీ ముగిసేదీ ఆలస్యమై, అది మూడేళ్ల తర్వాత కూడా వెంటాడి నీట్ ఎస్‌ఎస్ 2024 కాస్తా 2025 మార్చిలో పెట్టారు. 2024 పరీక్ష 2025లో! ప్రొఫెసర్ల హాజరుకు మాత్రం బయోమెట్రిక్ తప్పనిసరి, నిమిషాలతో సహా లెక్క. డెవలప్‌మెంట్ క్లినిక్ వారానికి ఎన్ని గంటలు నడుస్తోందని తనిఖీకి వచ్చినవారు అడగరు. పీజీలు చేసిన పనులు రాసే లాగ్‌బుక్‌లో మూడేళ్ల సంతకాలు ఒకే పెన్నుతో, ఒకే సిరాతో ఎందుకున్నాయనీ అడగరు.

అమెరికాలో పీడియాట్రిక్స్ రెసిడెంట్లకు కంటిన్యుటీ క్లినిక్ ఉంటుంది. పోస్టింగ్ ఏదైనా సరే, తమ పిల్లల్ని తామే మూడేళ్లూ చూస్తారు. మన దగ్గర వారానికి ఒక్క పూట కేటాయించడానికి కొత్త భవనం అక్కర్లేదు, జీవో అంతకన్నా అక్కర్లేదు. డ్యూటీ చార్టులో ఒక గీత చాలు.

జిల్లాలకు పోరన్న నింద మిగిలింది. డీఆర్‌పీ (డిస్ట్రిక్ట్ రెసిడెన్సీ ప్రోగ్రామ్) కింద ప్రతి పీజీ మూడు నెలలు జిల్లాలో పనిచేయాల్సిందే. మంచి నిబంధన. కాకపోతే చాలాచోట్ల అది మూడు నెలల స్టడీ లీవుగా మారింది. మీ విలేకరి ఈసారి ఏ జిల్లా ఆస్పత్రికైనా వెళితే పోయిన బ్యాచ్ పీజీలకు ఎస్‌ఎన్‌సీయూలో (జబ్బుపడ్డ పసికందుల ప్రత్యేక వార్డులో) ఎన్ని డ్యూటీలు వేశారో, ఉండటానికి గది ఇచ్చారో లేదో రిజిస్టరు తెరిపించి చూడమనండి.

— పీడియాట్రిక్స్ విశ్రాంత అధ్యాపకుడు