స్తంభం మాయమైంది, నీడ మిగిలింది

సంపాదకుల వారికి నమస్కారం.

ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవమని ఆగస్టు 19న మీరు వేసిన ప్రత్యేక పేజీ గురించి ఈ ఉత్తరం. పది రోజులు ఆలస్యమైంది, నిజమే. కోపం తగ్గుతుందేమోనని రెండు రోజులు చూశాను. ఈలోగా కళ్లజోడు కాలు విరిగి రిపేరుకి ఇచ్చాను. జోడు వచ్చాక ఆ పేజీ మళ్లీ చూస్తే కోపం ఇంకాస్త పెరిగింది.

మీ ఫోటో పోటీలో మొదటి బహుమతి ఇచ్చిన పూలమ్మాయి ఫోటో సంగతే చెబుతున్నాను. ‘కెమెరా ఉందని తెలియని సహజ క్షణం’ అని కింద రాశారు. ఆ పూల బజారు వెనక వీధిలోనే నేను ముప్పయ్యారేళ్లు స్టూడియో నడిపాను. ఆ అమ్మాయి కూర్చునే చోటు నాకు కళ్లు మూసుకున్నా తెలుసు. ఆమెకి ఎడమ పక్కన ఒరిగిపోయిన కరెంటు స్తంభం ఉంటుంది. దాని నెత్తిన కేబుల్ వైర్లు కాకిగూడులా చుట్టుకుని ఉంటాయి. ముందు పలక లేచిపోయిన మురుగుకాలవ. మీ ఫోటోలో ఇవేవీ లేవు. స్తంభం పీకేశారు, వైర్లు తీసేశారు, కాలవ పూడ్చి రోడ్డు కూడా వేసేశారు. (మునిసిపాలిటీ వాళ్లు ఆ ఫోటో తీసిన కుర్రాడి దగ్గర ట్రైనింగ్ తీసుకుంటే బాగుంటుంది.) ఇంత చేసిన మహానుభావుడు ఒక్కటి మర్చిపోయాడు. మల్లెపూల బుట్ట మీద స్తంభం నీడ అడ్డంగా అలాగే పడి ఉంది! పైగా ఎండ ఎడమ నుంచి పడుతుంటే, వెనకాల కుడివైపు ఎర్రగా సూర్యాస్తమయం. మన ఊరికి ఇద్దరు సూర్యుళ్లున్నారని మీ పేపరు చూసేదాకా తెలియలేదు. మొన్నటి వేసవి అలా మండిందంటే మండదా మరి.

ఇవన్నీ పోనీ అనుకుందాం. పూలు కట్టేవాళ్ల చేతులు మీరెప్పుడైనా దగ్గర్నుంచి చూశారా? గంటల తరబడి దారం లాగితే వేలు కోసుకుపోతుంది. అందుకని ఆ అమ్మాయి చూపుడువేలికి సైకిల్ ట్యూబు ముక్క తొడుక్కుంటుంది, నల్ల ఉంగరంలా. మూర కొలిచి ఇస్తున్నప్పుడు ముందు మన కంట పడేది అదే. ఫోటోలో ఆ వేలు నున్నగా ఉంది. కళ్ల కింద నలుపు లేదు, నుదుటి మీద చెమట లేదు. తెల్లారగట్ల మూడింటికి లేచి పూల సంతకి వెళ్లొచ్చిన మనిషి ఫేస్ క్రీము ప్రకటనలో అమ్మాయిలా మెరిసిపోతోంది. కటింగ్ తీసుకెళ్లి చూపించాను. చాలాసేపు చూసి, “పూలు నావేనండీ బాబాయ్ గారూ, మనిషి మాత్రం మా చెల్లెలిలా ఉంది” అంది.

ముసలాయనకి కంప్యూటర్ రాదు, అందుకే ఏడుస్తున్నాడని మీ ఫోటో విభాగం వాళ్లు అనుకుంటారని తెలుసు. అయ్యా, టచింగ్ మాకు తెలియని విద్య కాదు. నెగెటివ్‌ని టచింగ్ డెస్కు అద్దం మీద పెట్టి, పెన్సిల్ గీత పట్టేలా మీడియం అనే ద్రవం పూసి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో మొటిమలన్నీ చుక్క చుక్కగా పూడ్చేవాళ్లం. పెళ్లిచూపులకి పంపే ఫోటో అయితే ఒక్కో ముఖానికి రెండు గంటలు పట్టేది. నెగెటివ్‌ని పెద్దది చేసి కాగితం మీద వేసే ఎన్‌లార్జర్ కింద తీగకి అతికించిన అట్టముక్క ఆడిస్తూ ముఖం మీద వెలుతురు కాస్త ఆపితే ముఖం తేటపడేది. ఆకాశం వెలవెలబోతే రెండు చేతులూ దొప్పలా పట్టి, ఆ సందులోంచి ఇంకో పది సెకన్లు వెలుతురు పోనిస్తే మబ్బులు తేలేవి. అయితే ఆ టచింగ్ పెళ్లికూతురి తండ్రి అడిగి, డబ్బిచ్చి చేయించుకున్నాడు. పూలమ్మాయి ఎవర్నీ అడగలేదు. నా స్టూడియోలో వెనక తెర మీద తాజ్‌మహల్ ఉండేది. ఆగ్రా వెళ్లి తీశానని నేనెవరికీ చెప్పలేదు.

వీధిలో తీసిన ఫోటోకి ఎంత ఎడిటింగ్ చెయ్యొచ్చంటే నా లెక్క ఒకటుంది. వెలుగునీడలు సరిచేసుకోండి, ఒరిగిన ఫ్రేము నిలబెట్టండి, కావాలంటే నలుపు తెలుపు చేసుకోండి, అంచులు కత్తిరించండి. కత్తిరింపు కూడా పనికిరాదనే ఛాందసులు కొందరున్నారు. హత్య జరిగిన రోజునే గాంధీజీని కలిసిన ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ హెన్రీ కార్టియే బ్రెసాన్‌కీ ఆ పట్టింపు ఉండేది. అలాంటాయన 1932లో పారిస్‌లో సెయింట్ లజార్ స్టేషన్ వెనకాల, నీళ్ల మీంచి దూకుతున్న మనిషిని కంచె సందులోంచి తీశాడు. సందులో లెన్సు పూర్తిగా పట్టక ఒక పక్క మూసుకుపోతే, ఆ భాగం కత్తిరించక తప్పలేదు. దాన్నెవరూ మోసం అనలేదు. కెమెరా ముందు ఉన్నదాన్ని చెరిపెయ్యడం, లేనిదాన్ని తెచ్చి అతికించడం మాత్రం వేరే పని.

నా మాట నమ్మకపోతే 2010 వరల్డ్ ప్రెస్ ఫోటో పోటీ చూడండి. కీవ్ వీధుల్లో కొట్లాటల మీద స్తెపాన్ రుదిక్ అనే ఆయన తీసిన ఫోటోలకి బహుమతి ఇచ్చి, మళ్లీ వెనక్కి తీసుకున్నారు. ఒకడి చేతికి కట్టు కడుతున్న ఫోటో అది. అసలు దాంట్లో చాలా భాగం కత్తిరించేశాడు, రంగులు తీసేశాడు, గరుకుగా చేశాడు. వాటికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఆ చేతి వెనకాల ఎవరిదో పాదం కాస్త కనిపిస్తుంటే చెరిపేశాడు. బహుమతి దానికి పోయింది. అక్కడ పాదం ముక్కకి అంత పట్టింపు. ఇక్కడ స్తంభం మొత్తం పీకేసినవాడికి మనం శాలువా కప్పాం.

2016లో పేరుమోసిన అమెరికన్ ఫోటోగ్రాఫర్ స్టీవ్ మెక్‌కరీ అంతటివాడి క్యూబా ఫోటో ఇటలీలో ప్రదర్శనకి పెడితే, ఒక మనిషి కాలి దగ్గర సైన్‌బోర్డు స్తంభం ముక్క అతుకు తప్పి కనిపించింది. (స్తంభాలకీ ఎడిటింగ్‌కీ ఏదో పాత పగ ఉన్నట్టుంది.) గొడవయ్యాక, తనని ఫోటోజర్నలిస్టు అనొద్దని, బొమ్మలతో కథ చెప్పేవాణ్ణని ఆయనే అన్నాడు. ఆ మర్యాదైనా మీరు పాటించి, ‘సహజ క్షణం’ బదులు ‘ఊహాచిత్రం’ అని రాసి ఉంటే నేనీ ఉత్తరం రాసేవాణ్ణి కాదు.

ఫోటో ఉంటే పని జరిగినట్టే అనే జబ్బు ఇప్పుడు అంతటా ఉంది. ఉపాధి హామీ కూలీల హాజరుకి రోజుకి రెండు ఫోటోలు ఎక్కించాలని 2023 జనవరి నుంచి తప్పనిసరి చేశారు. ఏమైంది? పనిచోట ఫోటో తియ్యకుండా ఫోటోకే ఫోటో తీసి ఎక్కిస్తున్నారని 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకి రాసింది. మా వీధిలో మొక్కలు నాటిన రోజున నాయకులూ అధికారులూ పార పట్టుకుని ఎన్ని ఫోటోలు దిగారో! వారానికల్లా మొక్కలు మేకల పాలయ్యాయి. ఆ ఫోటోలు ఇంకా ఏ ఆఫీసు ఫైల్లోనో పచ్చగానే ఉండి ఉంటాయి. వీధిని ఉన్నదున్నట్టు చూపించాల్సిన పత్రిక కూడా ఆ వరసలో చేరితే ఇక మేమెవరికి చెప్పుకోవాలి?

వచ్చే ఏడు పోటీ పెడితే అసలు ఫైలు కూడా పంపాలని ఒక్క లైను చేర్చండి. ఈ ఫోటో అసలు రూపం తెప్పించి, వచ్చే ఆదివారం అదే పేజీలో, అంతే సైజులో వెయ్యండి. ఆ అమ్మాయికి ఒక ప్రింటు ఇప్పించండి, ట్యూబు ముక్క ఉన్నది. బహుమతి డబ్బు పుచ్చుకున్న కుర్రాడు ఆమె దగ్గర మూర పూలు కూడా కొనలేదట.

ఆ స్తంభం గురించి కూడా మీ పేపర్లో నాలుగు ముక్కలు రాస్తే మేలు. మేం అర్జీలు పెట్టబట్టి మూడేళ్లవుతోంది. నిన్నటి గాలికి మరో బెత్తెడు ఒరిగింది, ఆమె కూర్చునే వైపుకే.

ఇట్లు,
పాత స్టూడియో ఓనరు,
పూల బజారు వెనక వీధి