క్యాప్ అంచు మీద వేలు పెట్టి చూపించినవాళ్లకు

పన్నుకు క్యాప్ వేయించుకున్నవాళ్ల చేతికి ఇవ్వడానికి తయారుచేసిన రెండు పేజీల కాగితాన్ని చదివి, తప్పులు దిద్ది, మరిచినవి గుర్తుచేసిన అందరికీ కృతజ్ఞతలు. ఉత్తినే థాంక్స్ అనేసి ఊరుకుంటే ఏం మారిందో ఎవరికీ తెలియదు కాబట్టి, ఎవరి వల్ల ఏ మాట మారిందో చెప్తున్నాం.

ముందుగా, ఊడిన పాత క్యాప్‌లను తిరగేసి ఫొటోలు తీసి పంపిన ల్యాబ్ టెక్నీషియన్‌కు. మా మొదటి ప్రతిలో సగం పైగా క్యాప్ పగలకుండా చూసుకోవడం గురించే ఉంది. ఆ ఫొటోల్లో క్యాప్‌ల పైభాగం చెక్కుచెదరలేదు. తిప్పి చూస్తే అంచు వెంబడి సిమెంట్ కరిగిపోయి, ఆ సందులో గోధుమరంగు మెత్తటి పుచ్చు అంటుకుని ఉంది. లోహానికి, పింగాణీకి, జిర్కోనియా అనే గట్టి తెల్లటి పదార్థానికి పుచ్చు పట్టదు. క్యాప్ ముగిసి పన్ను మొదలయ్యే సన్నటి గీత దగ్గర పడుతుంది, అదీ చిగురును ఆనుకుని. ఇప్పుడు కాగితం ఆ గీతతోనే మొదలవుతోంది.

ఆ గీతను ఎలా శుభ్రం చేయాలో వాక్యం వాక్యం తిరగరాసిన హైజీనిస్టు (క్లినిక్‌లో పళ్లు శుభ్రం చేసే నిపుణురాలు) గారికి రెండో కృతజ్ఞత. మెత్తటి బ్రష్‌ను చిగురు వైపు 45 డిగ్రీలు వాల్చి, కుచ్చు సగం చిగురు మీద, సగం క్యాప్ మీద ఉండేలా ఆనించి, చిన్నచిన్న సున్నాలు చుట్టినట్టు తోమాలి. రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు. పేస్టులో ఫ్లోరైడ్ 1000 నుంచి 1500 పీపీఎం (పది లక్షల పాళ్లలో అన్ని పాళ్లు) ఉండాలి. నురగ ఉమ్మేశాక నీళ్లతో పుక్కిలించకూడదు. పుక్కిలిస్తే ఫ్లోరైడ్ కూడా కొట్టుకుపోతుంది. బొగ్గుపొడి పేస్టులు, గరుకు పళ్లపొడులు పింగాణీ మెరుపును గీరేస్తాయి. గరుకెక్కిన చోటే గార పట్టడం మొదలవుతుంది.

ఫ్లాస్ భాగం కూడా ఆవిడదే. సుమారు 45 సెంటీమీటర్ల దారం తీసుకుని, రెండు చేతుల నడిమి వేళ్లకు చుట్టి, మధ్యలో రెండు మూడు సెంటీమీటర్లు బిగబట్టాలి. సందులోకి టక్కున దించకుండా అటూ ఇటూ కదుపుతూ దించి, పన్నును కౌగిలించినట్టు వంచి, చిగురు కిందికి కొంచెం జారేదాకా పైకీ కిందికీ రుద్దాలి. ఒకే చోట దారం ప్రతిసారీ పీచులు పీచులుగా తెగుతోందంటే అంచు గరుకుగానో ఎత్తుగానో ఉన్నట్టు, లేదా కింద పుచ్చు మొదలైనట్టు. ప్రతి భోజనానికీ ఒకే సందులో మెతుకులు ఇరుక్కుంటే పక్క పన్నుకు, క్యాప్‌కు మధ్య ఎడం వచ్చిందన్నమాట. రెంటికీ డాక్టరే మందు. గట్టిగా తోమితే పోయేవి కావు.

"మరి తాత్కాలిక క్యాప్ సంగతో?" అని అడిగిన పాఠకుడికి ప్రత్యేకంగా. అసలు క్యాప్ తయారయ్యేదాకా పెట్టే దాని సంగతి మేం పూర్తిగా మరిచాం. దాన్ని అంటించేది బలహీనమైన సిమెంట్, కావాలనే. అందుకే ఫ్లాస్‌ను దించిన దారినే వెనక్కి లాగకూడదు, ఒక కొస వదిలేసి పక్కకు లాగాలి. ఊడితే పర్వాలేదులే అని వదిలేస్తే పక్క పళ్లు ఒరుగుతాయి, అచ్చు ప్రకారం చేసిన అసలు క్యాప్ కూర్చోదు.

అసలు క్యాప్ ఊడితే ఏం చేయాలో మూడు ముక్కల్లో చెప్పిన క్లినిక్ నర్సుకు దండం. కడిగి డబ్బాలో దాచాలి. సూపర్ గ్లూ జోలికి పోకూడదు: చిగురును కాలుస్తుంది, క్యాప్ సరిగా కూర్చోకుండా చేస్తుంది. వదులుగా పెట్టుకుని నిద్రపోకూడదు, ఊపిరితిత్తుల్లోకి జారవచ్చు.

"రూట్ కెనాల్ చేసిన పన్నుకు నొప్పే రాదుగా, ఇంక భయమేంటి?" అన్నవారికీ రుణపడ్డాం. నొప్పి రాకపోవడమే చిక్కు. నరం లేని పన్ను లోపల పుచ్చుతున్నా చెప్పదు. చెడు వాసన, వింత రుచి, చిగురు మీద మొటిమ లాంటి పొక్కు, ఇవే దాని మాటలు. అందుకే నొప్పి లేకున్నా డాక్టరు చెప్పిన గడువుకు వెళ్లి, అవసరమైతే ఎక్స్‌రే తీయించుకోవాలి.

జిర్కోనియా పగలదు కాబట్టి రాత్రిపూట పళ్లకు తొడుక్కునే నైట్ గార్డ్ ఎందుకని వాదించిన మిత్రుడికి కూడా. నిద్రలో పళ్లు కొరికేవాళ్లకు క్యాప్ నిలిచినా, కింది పన్ను చీలవచ్చు, ఎదుటి పన్ను అరగవచ్చు. ఇక కొత్త క్యాప్ మిగతా పళ్లకన్నా ముందే తగులుతుంటే అలవాటవుతుందని ఆగకండి. మత్తు దిగాక మళ్లీ కొరికి చూసి, ఎత్తుగా ఉంటే అరగదీయించుకోండి.

చివరి పేజీలో గళ్లు గీసిచ్చిన అమ్మాయికి థాంక్స్. ఏ పన్ను, ఏ పదార్థం, ఏ తేదీ: మూడు గళ్లు. క్యాప్ పెట్టిన రోజే డాక్టరుతో నింపించుకుంటే, ఆమ్లగుణమున్న ఫ్లోరైడ్ జెల్ పింగాణీని తినేస్తుంది కాబట్టి తర్వాత చూసే డాక్టరు దాన్ని వాడకుండా తటస్థమైనది ఎంచుకుంటారు.