3:2 అని పిలిచి 6:5 ఇచ్చి, అడిగితే పలకని మీ కంపెనీకి

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
(ఆయన దాకా చేరకపోతే, ఈ కవరు చింపినవారు ఎవరైతే వారికి)

విషయం: బ్లాక్‌జాక్ (ముక్కల మొత్తం 21కి చేర్చే పేకాట) టేబుల్ చెల్లింపు గురించి నేను అడిగిన ప్రశ్నకు మీ కంపెనీలో ఇంతవరకు ఒక్కరూ జవాబు చెప్పకపోవడం.

అయ్యా,

ఈ ఉత్తరం కావాలనే తెలుగులో రాస్తున్నాను. మీ కేసినో పడవ ఉండేది గోవాలో, మాండోవి నది మీద. కానీ నాకు ప్యాకేజీ అమ్మింది మీ హైదరాబాద్ ఆఫీసు. అమ్మేటప్పుడు ఎంత తియ్యటి తెలుగు మాట్లాడారో! డబ్బు తీసుకునేటప్పుడు వచ్చిన భాష ఫిర్యాదు వినేటప్పుడు కూడా వస్తుందని ఆశ. ఇంగ్లీషులో పంపిన ఈమెయిళ్లకు మీరు ఇచ్చిన జవాబులు చూశాక ఆ భాష మీద మాత్రం ఆశ వదిలేసుకున్నాను.

ముందే చెప్తున్నాను, నేను ఓడిపోయి ఏడుస్తూ రాస్తున్నవాణ్ణి కాదు. పేకాటలో పోయిన డబ్బుకి ఉత్తరాలు రాసే అలవాటు నాకు లేదు, పోతే పోయిందని లేచి వచ్చేస్తాను. నేను బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి. కౌంటరు అవతల నిలబడ్డ మనిషి రెండు రూపాయలు తేడా వచ్చిందన్నా లెడ్జరు తెరిచి చూపించాం. కిరాణా కొట్టువాడు కూడా తూకం తక్కువైందంటే మళ్లీ త్రాసులో పెట్టి చూపిస్తాడు. మీకు ఆ పాటి మర్యాద కూడా లేకపోయిందే అన్నదే నా బాధ.

జరిగింది వినండి. బుక్ చేసుకునే ముందు నేను అడిగింది ఒకే ఒక్క ప్రశ్న: మామూలు టేబుళ్ల మీద బ్లాక్‌జాక్ పడితే, అంటే మొదటి రెండు ముక్కల్లోనే ఆసు, పది విలువ ముక్క కలిసి 21 వస్తే, ఎంత ఇస్తారు, 3:2 నా, 6:5 నా? ఫోనెత్తిన అమ్మాయి "బఫే అన్‌లిమిటెడ్ సార్" అంది. తిండి సంగతి తర్వాత చూద్దాం తల్లీ, చెల్లింపు ఎంతో చెప్పు అన్నాను. "డ్రింక్స్ కూడా అన్‌లిమిటెడే సార్" అంది. డ్యాన్స్ షో ఎన్నింటికో చెప్పింది. ప్యాకేజీలోనే ఓటీపీ (వన్ టైమ్ ప్లే, ఒక్కసారి ఆడే) చిప్స్ వస్తాయని చెప్పింది. అవి ఆడటానికే తప్ప క్యాష్ చేసుకోవడానికి పనికిరావన్నది మాత్రం నేను అడిగితే గానీ చెప్పలేదు. చివరికి ఫోన్ హోల్డ్‌లో పెట్టి ఎవరినో కనుక్కుని వచ్చి, "అన్ని టేబుళ్లూ 3:2 నే సార్, మీరు టెన్షన్ పడకండి" అంది. అదే మాట వాట్సాప్‌లో పెట్టమన్నాను. పెట్టింది, పక్కన దణ్ణం బొమ్మతో సహా. ఆ మెసేజ్ నా దగ్గర భద్రంగా ఉంది.

ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమా అని మీ లాయరు అంటాడు కాబట్టి లెక్క కూడా చెప్తాను. వెయ్యి రూపాయలు కాస్తే 3:2 టేబుల్ మీద బ్లాక్‌జాక్‌కి వచ్చేది 1500, 6:5 మీద 1200. దెబ్బకి మూడు వందలు కోత. బ్లాక్‌జాక్ సగటున 21 ఆటలకు ఒకసారి పడుతుంది. గంటకి అరవై పైచిలుకు ఆటలు నడిచే టేబుల్ మీద అది మూడుసార్లు, అంటే గంటకి తొమ్మిది వందలు మీ ట్రేలోకి జారుకున్నట్టే. రూల్స్ బాగున్న టేబుల్ మీద, లెక్క ప్రకారం ఆడేవాడి దగ్గర కేసినోకి మిగిలేది వంద రూపాయల పందేనికి అర్ధరూపాయి అటూ ఇటూ. 6:5 ఒక్కటి పెట్టగానే దానికి దాదాపు రూపాయి నలభై పైసలు కలుస్తుంది. ఆసుతో కలిపి 17 వచ్చినప్పుడు డీలర్ ఆగకుండా ఇంకో ముక్క లాగితే మరో ఇరవై పైసలు. ఇవన్నీ నా సొంత పరిశోధన అనుకోకండి. ఈ ఆటలో ఏ ముక్కలకు ఏం చెయ్యాలో 1956లోనే అమెరికా సైన్యంలో పనిచేసిన నలుగురు, బల్ల మీద పెట్టుకునే లెక్కల మిషన్లతో కట్టి, స్టాటిస్టిక్స్ పత్రికలో అచ్చు వేశారు. మీ దగ్గర హాలు నిండా కంప్యూటర్లు పెట్టుకుని కూర్చున్నవాళ్లు రెండు అంకెల్లో ఏది కరెక్టో చెప్పలేకపోయారు.

ఇక మీ పడవ మీదికి వద్దాం. నాకు పడ్డవి ఇస్పేటు ఆసు, కళావరు రాజు. కాసింది రెండు వేలు. డీలర్ అమ్మాయి నా ముందుకు తోసిన చిప్స్ లెక్కపెడితే రెండు వేల నాలుగు వందలు. "మేడం, ఆరు వందలు తగ్గాయి" అన్నాను. ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. గోటితో టేబుల్ మూలకి చూపించింది. అక్కడ చిప్స్ ట్రే పక్కన, ఎవరో సగం తాగి వదిలేసిన గ్లాసు వెనక, అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ బోర్డు. కనీస పందెం ఎంతో ఆ చివర నుంచి కూడా కనిపించేంత పెద్ద అంకెల్లో ఉంది. 6:5 అన్నది కళ్లజోడు పెట్టుకుని వంగితే గానీ కనబడదు. టేబుల్ మీద పరిచిన గుడ్డ మీద ఆ మాట ఉండాల్సిన చోట మీ లోగో ఉంది. లోగో బాగుంది, కాదనను.

నేను అక్కడితో ఆట ఆపేసి ఫ్లోర్ మేనేజర్‌ని పిలిపించాను. సూటు వేసుకున్న కుర్రాడు వచ్చాడు. చెప్పిందంతా విన్నాడు, వాట్సాప్ మెసేజ్ చూశాడు, చిరునవ్వు నవ్వాడు. "ఇది పాలసీ సార్" అన్నాడు. మరి ఈ మెసేజ్ ఏమిటయ్యా అంటే "అది సేల్స్ టీమ్ సార్" అన్నాడు, సేల్స్ టీమ్ అంటే పక్క దేశం వాళ్లన్నట్టు. 3:2 కావాలంటే పైన ప్రీమియం రూమ్‌లో ఉందట, అక్కడ కనీస పందెం పది వేలట. అంటే న్యాయం ఉంది, కాకపోతే పై అంతస్తులో ఉంది.

గెస్ట్ రిలేషన్స్ డెస్క్ దగ్గరికి వెళ్లమన్నాడు. వెళ్లాను. అక్కడున్న అబ్బాయి ముందు సభ్యత్వ నంబరు అడిగాడు, ఒక పుస్తకంలో రాసుకున్నాడు. ఫిర్యాదు రాసుకున్నాడా అంటే లేదు, నంబరు మాత్రమే. పొద్దున మేనేజర్ వస్తారన్నాడు. ఒడ్డుకి చేర్చే చిన్న పడవ కోసం తెల్లవారుజామున మీ పడవ మీద అంతసేపు కూర్చోవడం నా మోకాళ్లకి మంచిది కాదని తెలిసినా, హోటల్‌కి వెళ్లి కాసేపు పడుకుని మళ్లీ వచ్చాను. ఆ మేనేజర్ గారు సభ్యత్వ నంబరు అడిగారు. బుకింగ్ హైదరాబాద్‌లో జరిగింది కాబట్టి హైదరాబాద్ వాళ్లే చూడాలన్నారు. హైదరాబాద్ ఆఫీసుకి ఫోన్ చేస్తే ఆట గోవాలో జరిగింది కాబట్టి గోవా వాళ్లే చూడాలన్నారు. మధ్యలో కర్ణాటక ఉంది, వాళ్లనేమైనా అడగమంటారా?

మీ హెల్ప్‌లైన్ గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. తెలుగు కోసం మూడు నొక్కమంటుంది. నొక్కితే హిందీ ఆయన ఎత్తుతాడు. నాకు వచ్చిన బ్యాంకు హిందీలో మొత్తం కథ చెప్పాను. ఆయన శ్రద్ధగా "జీ, జీ" అంటూ విని, చివర్లో "స్లాట్ మిషన్ నంబరు ఎంత?" అని అడిగాడు. ఇంకోసారి ఎత్తినామె అసలు ప్రశ్న పూర్తి కానివ్వకుండానే "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అంది. అసౌకర్యం ఏమిటో ఇంకా చెప్పలేదమ్మా అంటే మళ్లీ అదే చింత. ఒకాయన మాత్రం పాపం నిజం చెప్పాడు: "సార్, నాకు బ్లాక్‌జాక్ రాదు. ఇక్కడ ఎవరికీ రాదు." ఆయన ఉద్యోగానికి ఎసరు పెట్టకండి, మీ సంస్థలో నాకు తగిలిన ఒకే ఒక్క నిజాయితీపరుడు ఆయనే.

తర్వాత ఈమెయిల్. జవాబు వెంటనే వచ్చింది, మెచ్చుకోవాల్సిందే: మీ అభిప్రాయానికి ధన్యవాదాలు అని. నేను పంపింది అభిప్రాయం కాదు, ఫిర్యాదు అని తిరిగి రాశాను. దానికీ ధన్యవాదాలు వచ్చాయి. కొన్నాళ్లకి ఫోన్‌కి ఒక మెసేజ్: మీ సమస్య పరిష్కరించబడింది, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు? నా సమస్య నాకు తెలియకుండా ఎవరు పరిష్కరించుకున్నారో వాళ్లనే నక్షత్రాలు కూడా పెట్టుకోమనండి.

మా అమ్మాయి, అల్లుడు అమెరికాలో ఉంటారు. వాళ్ల పుణ్యమా అని లాస్ వెగాస్ కూడా చూశాను. అక్కడివాళ్లు ధర్మరాజులని చెప్పను. 6:5 అక్కడి స్ట్రిప్ (పెద్ద కేసినోలుండే వీధి) మీద పాకింది 2000 తర్వాతే. మొదట ఒకే పేకతో ఆడే టేబుళ్లకు తగిలించారు. పేకలు తక్కువైతే ఆడేవాడికి కాస్త మేలన్నది నిజమే కాబట్టి, ఒకే పేక అనగానే జనం ఎగబడి కూర్చున్నారు, చెల్లింపు దగ్గర అంతకంటే చాలా ఎక్కువ పోగొట్టుకున్నారు. ఇప్పుడు చిన్న పందేల టేబుళ్లలో చాలావాటికి అదే గతి. కానీ అక్కడ నేను చూసిన టేబుళ్ల మీద ఆ సంగతి గుడ్డ మీదే అచ్చు వేసి ఉంది. బ్లాక్‌జాక్‌కి ఎంత, 17 దగ్గర డీలర్ ఆగుతాడా లేదా, అంతా వంపు తిరిగిన పెద్ద అక్షరాల్లో. కూర్చోకముందే నిలబడి చదువుకున్నాం, నచ్చకపోతే పక్క టేబుల్ చూసుకున్నాం. మా అల్లుడు అలా నడిపించి నడిపించి నా కాళ్లు విరగ్గొట్టాడు గానీ 3:2 టేబుల్ దొరికేదాకా కూర్చోనివ్వలేదు. ముక్కలు రెండుగా విడదీశాక పందెం డబుల్ చెయ్యనిస్తారా, సగం పందెం వదులుకుని తప్పుకోనిస్తారా అని డీలర్‌నే అడిగితే ఆవిడ నవ్వుతూ టకటకా చెప్పేసింది. మీ హెల్ప్‌లైన్‌కి ఆవిణ్ణి ట్రైనింగ్‌కి పిలిపించుకోండి.

అంత దూరం ఎందుకు, మన ప్రభుత్వాన్నే చూడండి. చిప్స్ మీద 2023 అక్టోబర్ 1 నుంచి 28 శాతం జీఎస్టీ అంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి దాన్ని 40 చేసింది. ఒళ్లు మండింది. కానీ తేదీ, శాతం పేపర్లో వేయించి మరీ తీసుకుంది. చెప్పి తీసుకున్నవాడితో పేచీ లేదు.

మీకు గుర్తు చెయ్యడం నామోషీగానే ఉంది గానీ, నేను మీ పాత కస్టమర్‌ని. మీ పక్కనే నీళ్ల మీద ఇంకా కేసినో పడవలున్నా, వాళ్ల మనుషులు జెట్టీ దగ్గర చెయ్యి పట్టుకు లాగినా, మీ పడవే ఎక్కాను. కాకినాడ నుంచి నా పాత కొలీగ్స్‌ని తెచ్చాను. విజయవాడ నుంచి మా బావమరిది బృందాన్ని తెచ్చాను. సంక్రాంతికి భీమవరం కోడిపందేలు మానుకుని మీ దగ్గరికొచ్చిన వాళ్లున్నారు, నా మాట మీద. వాళ్లందరికీ "అక్కడ మర్యాద ఉంటుంది" అని చెప్పిన నోటితో ఇప్పుడేం చెప్పమంటారు? బావమరిది అయితే ఫోన్ చేసినప్పుడల్లా "బావగారూ, ఆరు వందలు వచ్చాయా?" అని అడుగుతున్నాడు. ఆ ఆరు వందల కన్నా ఆ నవ్వు ఖరీదెక్కువ.

ఇంతకీ నాకేం కావాలని మీరు అడగలేదు. అసలు అడిగితే కదా! ఆ ఆరు వందలు మీ దగ్గరే ఉంచుకోండి. లేదా పంపండి, సూత్రం ప్రకారం అవి నావే. ఏ అంతస్తులో ఏ టేబుల్‌కి ఎంత చెల్లింపు, డీలర్ ఎక్కడ ఆగుతాడు, డబుల్ ఎప్పుడు చెయ్యనిస్తారు, ఇవన్నీ ఒక కాగితం మీద అచ్చు వేసి, సంతకం పెట్టి పంపండి. ఆ రాత్రి ప్యాకేజీ డబ్బు సంగతి కూడా ఆలోచించండి, ఎందుకంటే 3:2 అన్న మాట మీదే నేను ఆ ప్యాకేజీ కొన్నాను. క్షమాపణ కూడా కావాలి, మిషన్ పంపేది కాదు, మనిషి రాసింది.

మొన్న మీ హైదరాబాద్ ఆఫీసు నుంచి ఫోన్ వస్తే జవాబేమో అనుకుని పరుగెత్తి ఎత్తాను. ఈసారి వస్తే ఓటీపీ చిప్స్ డబుల్ ఇస్తారట. నా ఫిర్యాదు సంగతేమిటి అంటే "ఏ ఫిర్యాదు సార్?" అంది. ఈ ఉత్తరం ఆ క్షణాన మొదలైంది.

ఇక మీ ఇష్టం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను కేసు వెయ్యడానికి గోవా రానక్కర్లేదు, ఉన్న ఊరి జిల్లా కమిషన్‌లోనే వేసుకోవచ్చు. ముందుగా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, అక్కడ ఎవరో ఒకరు పూర్తిగా వింటారు. ఆ వాట్సాప్ మెసేజ్, ప్యాకేజీ రసీదు, మీ ధన్యవాదాల ఈమెయిళ్లు అన్నీ ప్రింటు తీయించి ఫైల్లో పెట్టాను. ఫైళ్లు కట్టడం నాకు ఉద్యోగం నేర్పిన విద్య. మా రిటైరీల గ్రూపులో అందరికీ ఈ ఉత్తరం పంపుతున్నాను. వచ్చే సంక్రాంతికి ఎక్కడికి వెళ్లాలన్న చర్చ అక్కడ మొదలైపోయింది. కొలంబో పేరు ముందుంది.

నెలాఖరులోగా రాతపూర్వకంగా జవాబు రావాలి. ఫోన్ చెయ్యకండి, ఎత్తను.

ఇట్లు,
మీ పాత కస్టమర్
(సభ్యత్వ నంబరు ఇక్కడ రాయడం లేదు. మీ వాళ్లందరి దగ్గరా ఉంది.)