పురుగుమందు కొట్టేవాళ్ల రక్తాన్ని ఎవరు పరీక్షిస్తారు?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఏడాది ఆగస్టులో మా తమ్ముడు పత్తికి మందు కొట్టి, సాయంత్రానికి వాంతులతో గట్టు మీదే కూలబడ్డాడు. పొద్దటి నుంచి ఎనిమిది ట్యాంకులు కొట్టిండు. పంపు మూత దగ్గర కారిన మందుకు చొక్కా వీపుకు అంటుకుపోయింది. మూతికి కట్టుకున్న తువ్వాల కూడా తడిసే ఉంది. ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించి మర్నాడు పంపించారు. ఏ మందు కొట్టావని ఎవరూ అడగలేదు, చీటీ మీద రాయలేదు. గండం గడిచిందనుకుని మేమూ ఇంటికొచ్చాం.

నిజంగా గడిచిందా? వాంతులు, తలతిప్పడం మందు నరాల మీద పడ్డందుకు వచ్చేవి, చికిత్సతో తగ్గుతాయి. కొన్ని పురుగుమందులు అక్కడితో ఆగవు, కణం లోపల డీఎన్ఏ పోగుల్ని తెంపుతాయి. తెగినవాటిని ఒళ్లే అతుక్కుంటుంది. కానీ ఏటా పదిసార్లు, ఇరవై ఏళ్లు ఇదే పనైతే కొన్ని తప్పుగా అతుక్కుంటాయి. కణం రెండుగా చీలినప్పుడు ఆ తప్పు కూడా వెంట పోతుంది. ఇలాంటివి పోగుపడే కొద్దీ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. బుగ్గ లోపల పుల్లతో గీకి తీసిన కణాల్ని మైక్రోస్కోపు కింద పెడితే, విడిపోయిన ముక్కలు కేంద్రకం పక్కన చిన్న చుక్కల్లా కనపడతాయి. సూది కూడా అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింది క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లోనే పురుగుమందు మలాథియాన్‌ను, గడ్డిమందు గ్లైఫోసేట్‌ను క్యాన్సర్ తెచ్చే అవకాశం ఎక్కువున్న వాటిలో చేర్చింది.

మా దిక్కు డ్రమ్ములో మందు కలిపేదీ, నీళ్లు మోసేదీ ఎక్కువగా ఆడవాళ్లే. మా వదిన ఉత్త చేతులతోనే కలుపుతుంది. మందు కొట్టేవాళ్ల లెక్కలో ఆమె ఎక్కడా లేదు.

మందు చల్లే పనివాళ్లకు వైద్య పరీక్షలు చేయించాలనీ, రక్షణ దుస్తులు ఉండాలనీ 1971 నాటి క్రిమిసంహారక మందుల నిబంధనల్లోనే ఉంది. మరి సొంత చేనులో కొట్టుకునే రైతును, రోజుకూలీని ఎవరు పిలిచి పరీక్షిస్తారు? ఆగస్టు నుంచి అక్టోబరు దాకా నర్సంపేట, పరకాల ప్రాంతాల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కొన్ని రకాల పురుగుమందులు నరాల మీద పడ్డాయో లేదో చూపే కోలినెస్టరేజ్ రక్తపరీక్ష పెట్టాలని, మందు సోకి వచ్చినవాళ్ల చీటీ మీద ఆ మందు పేరు తప్పక రాయించాలని వ్యవసాయ, వైద్య శాఖల అధికారులను వేడుకుంటున్నాను. డబ్బాతో పాటే చేతి తొడుగులు ఇవ్వందే దుకాణాల్లో మందు అమ్మనీయొద్దు.

గులాబీ పురుగు కనపడిందని తమ్ముడు నిన్న మళ్లీ డబ్బా తెచ్చిండు. తొడుగులు అడిగితే లేవన్నారట.

- ఒక పత్తి రైతు, నర్సంపేట, వరంగల్ జిల్లా