డల్లాస్ పన్నెండు గంటలేనా?

సంపాదకుడు గారికి,

మొన్నటి ఆదివారం అనుబంధంలో ‘హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు 12 గంటలు’ అని పెట్టె కట్టి మరీ వేశారు. సవరణ వేస్తారేమోనని నాలుగు రోజులు చూశాను, వేయలేదు. తెల్లవారుజామున 4కు శంషాబాద్‌లో విమానం లేస్తుంది, ఖతార్‌లోని దోహాలో ఆగి అదే రోజు సాయంత్రం 4కు డల్లాస్‌లో దిగుతుంది, కాబట్టి 12 గంటలని మీ విలేకరి లెక్క. మొదటిది మన గడియారం, రెండోది వాళ్లది! వేసవిలో డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక ఉంటుంది, చలికాలంలో పదకొండున్నర. అంటే వేసవి లెక్కనే ఇరవై రెండున్నర గంటల ప్రయాణాన్ని దాదాపు సగానికి కోసి పెట్టారు. అతి దగ్గరి దారే సుమారు 14,400 కిలోమీటర్లు. దోహాలో ఆగి మరీ 12 గంటల్లో చేరాలంటే విమానం ధ్వనిని మించి పోవాలి. అలా పోయే కాంకార్డ్‌ను 2003లోనే ఆపేశారు. మీ విలేకరికి మాత్రం ఇంకా టికెట్లు దొరుకుతున్నట్టున్నాయి.

ఇక ఆ పటం! స్కేలు పెట్టి అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా గీత గీసేశారు. గ్లోబు మీద దారం లాగి చూస్తే అది ఢిల్లీ, కశ్మీర్, కజకిస్థాన్, సైబీరియా దాటి దాదాపు ఉత్తర ధ్రువం మీదుగా కెనడాలోకి దిగుతుంది. ఏడో తరగతి పిల్లలు కూడా చేసి చూపేవారు. ఇప్పుడు బళ్లలో గ్లోబులు బీరువాలో ఉంటాయి, తాళంచెవి ప్రధానోపాధ్యాయుల దగ్గర ఉంటుంది, వారేమో ఎప్పుడూ సమావేశంలో ఉంటారు.

చిన్న పొరపాటేగా అంటారేమో. మా ఊళ్ల నుంచి కూతుళ్ల కాన్పులకు వెళ్లే తల్లులు మీ పత్రికను నమ్ముతారు. పన్నెండు గంటలే కదా అని చేతిసంచిలో ఒక్క పూట బీపీ, షుగరు మాత్రలు ఉంచుకుని, మిగతావన్నీ ఆవకాయ డబ్బాల పక్కన పెద్ద పెట్టెలో సర్దేస్తారు. ఆ పెట్టె మళ్లీ కనిపించేది డల్లాస్‌లోనే. దోహాలో దిగాక ఇంకో పదిహేను గంటల పైన గాలిలోనే ఉండాలని ఆవిడకు ఎవరు చెప్పాలి? కోదాడ నుంచి శంషాబాద్‌కు పట్టే గంటలు, పండగ రోజుల్లో పంతంగి టోలు దగ్గర నిలబడే సమయం వీటికి అదనం.

నేతలదీ ఇదే వరస. అమెరికా వెళ్లినప్పుడల్లా సభ పెట్టి, హైదరాబాద్‌కు నేరుగా విమానం వేయిస్తామంటారు, చప్పట్లు కొట్టించుకుంటారు. 2021 జనవరిలో షికాగోకు వారానికొకటి మొదలుపెట్టారు, తర్వాత అదీ ఆగిపోయింది. ఎందుకు ఆగిందో మాకు చెప్పిన నాయకుడు లేడు. ఈసారి పెట్టె కట్టేటప్పుడు ఆ సంగతి కనుక్కుని రాయండి, చదువుతాం.

– విశ్రాంత సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు, కోదాడ