పేరు తెలియని ఆ ఖాలాకు కృతజ్ఞతలు

మా బాబు ఆపరేషన్ బాగా జరిగింది. ఎడమవైపు బీజం (వృషణం) సంచిలోకి దిగకుండా గజ్జల్లోనే ఆగిపోయింది. దాన్ని కిందికి దించి కుట్టారు. సాయంత్రానికే ఇంటికి పంపేశారు. కళ్లు మూతలు పడుతున్నాయి కానీ ఇది రాయకుండా పడుకోలేను.

మత్తు ఇస్తారని పొద్దున్నుంచీ పాలు పట్టొద్దన్నారు. మా వంతు ఎంతకీ రాలేదు. వాడేమో నా చున్నీ లాగుతూ గుక్కపట్టి ఏడుపు. పక్క బెంచీ మీద, మనవడి హెర్నియా ఆపరేషన్ కోసం వచ్చిన ఒక పెద్దావిడ లేచారు. ఖాలా (ఉర్దూలో పిన్ని) అంటున్నది ఈవిడనే. "నీ దగ్గర పాల వాసన వస్తది బేటా, ఎట్ల ఊకుంటడు? ఇటియ్యి" అని ఎత్తుకున్నారు. తన చేతిలోని తస్బీ (జపమాల) వాడికిచ్చి వరండా అంతా తిప్పుతూనే ఉన్నారు. అప్పటికి ఆవిడ మనవడు థియేటర్ లోపలే ఉన్నాడు! మా బాబును లోపలికి తీసుకెళ్లాక, డబ్బా మూతలో ఖిచిడీ, ఖట్టా (పుల్లటి పులుసు) కలిపి నా చేతిలో పెట్టారు.

గ్రహణం రోజు బయటికొచ్చావా అని చుట్టాలు అడిగిన మాట ఆవిడకు చెప్పేశాను. "అమ్మ తప్పెట్లయితది?" అన్నారు, అంతే. అక్కడే ఏడ్చేశాను. వాడు ఎనిమిదో నెలలో పుట్టాడు. బీజాలు కడుపులో తయారై ఏడో నెల నుంచి కిందికి దిగుతాయట, అందుకే ముందే పుట్టిన పిల్లల్లో ఇది ఎక్కువ. నెలలు నిండిన మగపిల్లల్లోనూ 100కి సుమారు 3 మందికి ఉంటుంది.

ఒక మాట అనకుండా ఉండలేను. ఒకచోట "ఐదేళ్లు రానివ్వండి, అదే దిగుతుంది" అన్నారు. ఇంకోచోట చేత్తో చూడనైనా చూడకుండా స్కానింగ్ రాశారు. ఆరు నెలలు దాటితే దానంతటది దిగడం అరుదు, ఏడాదిన్నర లోపే ఆపరేషన్ చేయించాలి అని సర్జన్ గారు చెప్పేదాకా మాకెవరూ చెప్పలేదు. ఆలస్యమైతే రేపు పిల్లలు పుట్టడం కష్టం కావచ్చు, క్యాన్సర్ ముప్పూ పెరుగుతుంది. టీకాలకు వెళ్లినప్పుడు ఒక్కరైనా డైపర్ విప్పి చూడాలి కదా!

అమ్మ, మావారు, ఆడపడుచు ఎలాగూ ఉన్నారు.

అయ్యో, మత్తు డాక్టరమ్మను మర్చిపోయాను, వాణ్ని నవ్విస్తూ లోపలికి తీసుకెళ్లారు. గేటు దగ్గర వేణ్ణీళ్లు ఇచ్చి డబ్బులు వద్దన్న టీ బండి అన్నకు కూడా. ఇంకా, కుట్లు కదులుతాయని ఉప్పల్ దాకా ప్రతి గుంత దగ్గరా స్లో చేసిన ఆటో అన్నకు.