ఎవరికి ఏ బీపీ మాత్ర పడిందో రాసిపెట్టండి

సంపాదకులకు నమస్కారం.

పర్లాకిమిడిలో మందుల షాపు నడిపే ఫార్మసిస్టుని. గజపతి, శ్రీకాకుళం జిల్లాల ఆరోగ్య అధికారులు చదువుతారన్న ఆశతో ఇది రాస్తున్నాను.

ఒకే బీపీ మాత్ర ఒకరికి పడి ఇంకొకరికి ఎందుకు పడదు? అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో ఫార్మసీ ప్రొఫెసర్‌గా, ఆ కాలేజీ డీన్‌గా పనిచేసిన జూలీ జాన్సన్ ఏళ్ల తరబడి వెతికింది దీనికి జవాబే. కొన్ని బీపీ మాత్రలు పనిచేసే చోటైన బీటా-1 రిసెప్టర్ జన్యువులో ఒక్క అక్షరం మారినా, మెటోప్రొలాల్ అనే మాత్రకి బీపీ దిగడంలో తేడా వస్తుందని ఆమె బృందం 2003లో చూపించింది. తర్వాత రెండు బీపీ మాత్రలను పోల్చిన ఆమె ‘పియర్’ అధ్యయనంలో సగటున తెల్లజాతివారికి అటెనొలాల్, నల్లజాతివారికి హైడ్రోక్లోరోథయజైడ్ బాగా పనిచేశాయి. జన్యువు చూసి బీపీ మాత్ర రాసే రోజు అక్కడా ఇంకా రాలేదు, నిజమే. కానీ ఎవరికి ఏది పడిందో వాళ్లు కొలిచి రాసుకున్నారు.

మన దేశంలోనూ జీనోమ్ ఇండియా ప్రాజెక్టు దాదాపు 10 వేల మంది జన్యు సమాచారాన్ని 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చింది. ఆ మనిషికి ఏ మాత్ర పడిందో తెలియకపోతే ఈ జన్యువుల లెక్క సగమే.

మొన్న గోసాని వైపు నుంచి ఒక పెద్దావిడ ఖాళీ స్ట్రిప్ పట్టుకొచ్చి, “ఇదే ఇవ్వు బాబూ” అన్నారు. అది ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర. ఆవిడకు చీలమండలు వాచి, చెప్పు పట్టీ ఒరుసుకుని చర్మం కమిలింది. అది మాత్ర వల్ల కావచ్చని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. కీళ్లవాతం అనుకుని నొప్పి మాత్రలు మింగుతున్నారు. అవి బీపీని పెంచుతాయి, కిడ్నీలకూ చేటు. కిడ్నీ జబ్బులు ఎక్కువైన ఉద్దానం పక్కన ఉన్నవాళ్లకు కిడ్నీ టెన్షన్ గురించి వేరే చెప్పాలా? అంతకుముందు పాతపట్నంలో కూతురింట ఉన్నప్పుడు ఎనలాప్రిల్ అనే ఇంకో బీపీ మాత్ర వాడితే పొడి దగ్గు పట్టుకుని మానేశారట. ఆ ముక్క ఏ చీటీలోనూ లేదు. రేపు ఇంకో డాక్టరు మళ్లీ అదే రాయొచ్చు.

అందుకే, ప్రతి బీపీ రోగికీ ఒడియాలోనూ తెలుగులోనూ ఒక కార్డు ఇవ్వండి. మాత్ర పేరు, మోతాదు, వాడకముందు బీపీ, నెల తర్వాత బీపీ, వచ్చిన ఇబ్బంది, మాత్ర ఎందుకు మార్చారో అందులో ఉండాలి. స్టాకు లేక మార్చితే ఆ మాటే రాయాలి. ఒడిశా ఉచిత మందుల పథకం ‘నిరామయ’ కౌంటర్లలో ఫార్మసిస్టులు, సవర పల్లెల్లో ఆశా కార్యకర్తలు దీన్ని నింపగలరు.

ముందుగా పర్లాకిమిడి, పాతపట్నం ఆసుపత్రుల్లో మొదలుపెట్టండి. కార్డు నమూనా తయారీకి, నింపడం నేర్పడానికి నేను సిద్ధం.

— ఒక ఫార్మసిస్టు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా